తోమా పట్టిన పురుగులు

ముందే చెప్తున్నానండి, నాకు పురుగులంటే పడదు. ఇప్పటికీ పడదు. ఏలూరులో జీపు అద్దెకి తిప్పుకునేవాణ్ణి, పెళ్లిళ్లకీ ఆస్పత్రులకీ మనుషుల్ని దింపుకుని బతికేవాణ్ణి, నా బండిలో సీసాల కొద్దీ పురుగుల్ని మోస్తానని కల్లో కూడా అనుకోలేదు. రెండేళ్లు మోశాను. స్పిరిట్ వాసన సీట్లకి పట్టేసి, మా ఆవిడ చాంద్ బీ పండక్కి కూడా ఆ జీపు ఎక్కనంది. ఎక్కకపోతే పోయింది. ఆ రెండేళ్లూ నా పక్క సీట్లో కూర్చున్న మనిషి గురించి చెప్పాలి. ఇంకెవరూ చెప్పరు. వాళ్ల ఊరివాళ్లకి నోరు రాదు, చదువుకున్నవాళ్లకి తీరిక లేదు.

ఆయన పేరు తోమా. నేను బాబాయ్ అనేవాణ్ణి. వాళ్లది చర్చి, మాది మసీదు, అయితే ఏమైందండీ, వయసులో పెద్దాయన. ఊరు నత్తలంక. కొల్లేటికోట దాటి దోనె మీద వెళ్లాలి. చుట్టూ నీళ్లు, మధ్యలో డెబ్భై గడప, ఒక రేకుల చర్చి. తాటిమాను తొలిచి చేసిన ఆ దోనె లేకపోతే ఉప్పు ప్యాకెట్టు కూడా ఇంటికి చేరదు. తోమా బాబాయ్ చిన్నప్పుడు వాళ్ల నాన్నతో కలిసి నీళ్లలో వెదురు దడులు కట్టి చేపలు పట్టేవాడట. ఆ తర్వాత కొల్లేరంతా కట్టలేసి చెరువులు తవ్వేశారు. ఈయన చేపపిల్లల చెరువుల్లో పనికి కుదిరాడు.

ఆ పనేమిటో చెప్పకపోతే మీకు మిగతాది అర్థం కాదు. చెరువులోకి వదిలే చేపపిల్ల మొదట్లో వెంట్రుకంత ఉంటుంది. నీళ్లలో ఉండే పురుగులు దాన్ని నమిలి మింగేస్తాయి. అందుకని పిల్లల్ని వదిలే ముందు చెరువులో పురుగన్నది లేకుండా చెయ్యాలి. సబ్బు ముక్కలు నీళ్లలో ఉడికించి, అందులో నూనె పోసి, తెల్లగా చిక్కగా అయ్యేదాకా కలిపి, గాలి లేని పూట చెరువంతా చల్లాలి. నీళ్ల మీద పొర కట్టేస్తుంది. ఊపిరి కోసం పైకొచ్చిన పురుగుకి ఊపిరి అందదు. అంతే. ఈ పనిలో తోమా బాబాయ్‌ని మించినవాడు లేడు. కలిదిండి నుంచీ ఆకివీడు నుంచీ వచ్చి తీసుకుపోయేవారు. పాతికేళ్లు అదే పని. పురుగుల తోమా అనేవారు ఆయన్ని, చంపుతాడు గనక.

2006లో ప్రభుత్వం వాళ్లు మట్టి తవ్వే మిషన్లు దింపి, సరస్సు హద్దులోపల ఉన్న చెరువుల కట్టలన్నీ కొట్టించేశారు. కొల్లేరుని కొల్లేరులా వదిలేయాలన్నారు. మంచిదే. కానీ నత్తలంకవాళ్లకి ఉన్న సొసైటీ చెరువు కూడా పోయింది. అది ఊరందరిదీ. మగవాళ్లు హద్దు అవతల పెద్దవాళ్ల చెరువుల్లో కూలికి పోయారు. తోమా బాబాయ్‌కి అప్పటికి యాభై నాలుగేళ్లు. భార్య రాజ్యం ఎప్పుడో పోయింది, ఒక్కగానొక్క కూతురు క్యాథరిన్ తాడేపల్లిగూడెంలో కాపురం. ఒక్కడే లంకలో మిగిలాడు, చేతిలో పని లేకుండా.

స్టెల్లా మేడం వచ్చింది అప్పుడే, 2007 జనవరిలో. ఏలూరు కాలేజీలో పురుగుల మీద పరిశోధన చేస్తున్నారు, ముప్ఫై ఏళ్లుంటాయి, సన్నగా గాలొస్తే ఎగిరిపోయేలా ఉండేవారు గానీ పట్టుదలలో మొండిఘటం. లోకల్ మనిషి కావాలంటే ఎవరో తోమా పేరు చెప్పారు. ముందురోజు కబురంపారు: రేపు పొద్దున్న మీ కొట్టేసిన చెరువు చూడటానికి వస్తాను, నీళ్లలో పురుగులు ఎలా ఉన్నాయో చూడాలి అని.

మరి పాతికేళ్ల అలవాటు ఎక్కడికి పోతుందండీ. చెరువులో పురుగులు చూడటానికి పెద్దవాళ్లు వస్తున్నారంటే ఆ పరిసరాల్లో దానికి ఒక్కటే అర్థం. మేడం నా జీపు మాట్లాడుకున్నారు. మేము వెళ్లేసరికి ఆ మూలంతా నీళ్ల మీద నూనె పొర రంగురంగులుగా తేలుతోంది. మేడం దోనెలోంచి వల వేశారు. ఏమీ లేదు. ఇంకో పక్క వేశారు. ఏమీ లేదు. తోమా బాబాయ్ తలపాగా తీసి చేతిలో పట్టుకుని, మెప్పు కోసం చూస్తున్నాడు.

“అద్దంలా ఉంది చూడండమ్మా. ఒక్క పురుగు కనబడితే నన్నడగండి” అన్నాడు.

మేడం దోనె దిగి కట్ట మీద కూలబడిపోయారు. నాకైతే నవ్వాగలేదు. మేడం కూడా ముందు నవ్వారు, తర్వాత కళ్లు తుడుచుకున్నారు. “తోమా గారూ, నాకు కావలసింది ఆ పురుగులేనండి” అన్నారు.

“ఏవి కావాలమ్మా? మంచివా, చెడ్డవా?”

“అన్నీ.”

ఆయన నా వంక చూశాడు, ఈ అమ్మాయికి మతి ఉందా అన్నట్టు. నేను మాత్రం ఏం చెప్పను, నాకూ అదే అనుమానం.

మేడం ఓపిగ్గా చెప్పారు. మనిషి చెయ్యి తీసేస్తే కొల్లేరు తనంతట తాను మళ్లీ బతుకుతుందా లేదా, అదీ ఆవిడ తేల్చాలనుకున్నది. పక్షుల్ని లెక్కపెట్టొచ్చు గానీ అవి ఇవాళ వస్తాయి, రేపు పోతాయి. పురుగు అలా కాదు, ఉన్నచోటే పుట్టి ఉన్నచోటే చస్తుంది. అందుకని ఎనిమిది చోట్లు పెట్టుకున్నారు. నాలుగు కట్ట కొట్టి వదిలేసిన చెరువులు, నత్తలంక సొసైటీది మూడో చోటు. నాలుగు హద్దు అవతల ఇంకా చేపలు పెంచుతున్న చెరువులు. పదిహేను రోజులకోసారి ఎనిమిది చోట్లా ఒకే లెక్కన వల వెయ్యాలి, పడ్డవాటిని స్పిరిట్ సీసాలో వెయ్యాలి, లోపల ఒక చీటీ పెట్టాలి. చీటీ మీద పెన్సిల్‌తోనే రాయాలి, ఇంకు స్పిరిట్‌లో కరిగిపోతుంది. ఏ చోటు, ఏ తారీఖు, ఎలా పట్టారు, ఎవరు పట్టారు. నాలుగింట్లో ఏది లేకపోయినా ఆ సీసా చెత్తబుట్టలోకే అన్నారు మేడం.

తోమా బాబాయ్ చదివింది మూడో తరగతి, అదీ మిషనరీ బళ్లో. అయినా ఆ చీటీ రాయడం ఆయనకి ప్రార్థనలాగా పట్టుకుంది. నాలిక పళ్ల మధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరం దిద్దేవాడు. నేను ఎండలో జీపు పక్కన చెమటలు కక్కుతుంటే, “తొందరపెట్టకు సుభానీ, తప్పు రాస్తే ఆ చచ్చినవి ఊరికే చచ్చినట్టు” అనేవాడు. నాకు ఒళ్లు మండేది. తర్వాత్తర్వాత అలవాటైంది.

పురుగు ఎక్కడ దాక్కుంటుందో, ఏ పూట పైకొస్తుందో, ఎండ ఎక్కితే ఏ తుంగ మొదట్లోకి దూరుతుందో ఆయనకి తెలిసినట్టు మేడం పుస్తకాలకి కూడా తెలీదు. చంపడానికి నేర్చుకున్నదంతా ఇప్పుడు పట్టడానికి పనికొచ్చింది. నీటితేళ్లు, వెల్లకిలా ఈదేవి, నీళ్ల మీద నడిచేవి, తూనీగ పిల్లలు, ఆవగింజంత పెంకుపురుగులు. నడుస్తున్న చెరువుల్లో ఎప్పుడూ అవే ఐదారు రకాలు. మూడో చోట మొదటి ఆర్నెల్లు దాదాపు ఏమీ లేదు. ఆ ఏడు వానలకి తుంగ లేచింది, తామర అల్లుకుంది. అప్పట్నుంచీ ఒక్కోసారి దోనె ఒడ్డుకి తగలకముందే కేకేసేవాడు, “ఇవాళ కొత్తది దొరికింది సుభానీ” అని. అలాంటిది ముప్ఫై ఏళ్ల కిందట, చెరువులు రాకముందు చూశానని చెప్పేవాడు. ఆయన మొహంలో వెలుగు చూసి నేను కూడా ఆ దిక్కుమాలిన సీసాలోకి తొంగి చూసేవాణ్ణి.

అలా ఏడాదిన్నర గడిచింది. 2008 మే ఆఖర్న నీళ్లు తీసినప్పుడు నత్తలంకవాళ్లు మూడో చోటు గండి పూడ్చేశారు. గుట్టుచప్పుడు కాకుండా, తలొక చెయ్యి వేసి, తట్టలతో మట్టి మోసి కట్ట నిలబెట్టారు. జూన్ మొదట్లోనే స్టెల్లా మేడంకి పచ్చకామెర్లు వచ్చి మంచమెక్కారు. రెండు నెలలు కదలకూడదన్నారు డాక్టర్లు. లెక్క తప్పకూడదని పని మొత్తం తోమా బాబాయ్‌కే అప్పగించారు. ఆయన పట్టడం, నేను సీసాలు ఏలూరు చేర్చడం. అంటే మూడో చోటు కట్ట సంగతి మేడంకి తెలీదు. చెప్తాడేమోనని ఊరికి భయం, చెప్పకుండా ఎన్నాళ్లని ఈయనకి బాధ.

జూలై మధ్యలో ఒక పొద్దున్న నేను బాబాయ్ ఇంటి అరుగు మీద టీ తాగుతుంటే యోసేపు వచ్చాడు. యోసేపు అంటే రాజ్యం తమ్ముడు, బాబాయ్‌కి బావమరిది, సొసైటీకి ప్రెసిడెంటు, చర్చికి పెద్ద. చెడ్డవాడనుకునేరు, కాదండి. ఊళ్లో ఎవరింట్లో పొయ్యి వెలగకపోయినా ఆయనకి నిద్ర పట్టదు. నన్ను చూసి కాసేపు నీళ్లు నమిలాడు. బాబాయ్ “సుభాని మనోడే, చెప్పు” అన్నాడు.

“వచ్చే బుధవారం చేపపిల్లలు వస్తున్నాయి బావా. ఈ శనివారమే నువ్వు చెరువుకి సబ్బునూనె కొట్టాలి” అన్నాడు యోసేపు. “ఇంకోటి. మూడో చోటు సీసా అడుగుతుంది కదా ఆ అమ్మాయి. పక్కన నాలుగో చోట నాలుగు పురుగులు ఎక్కువ పట్టి, మూడు అని చీటీ పెట్టెయ్. పురుక్కి ఊరూ పేరూ ఉంటాయా ఏంటి. ఆ సీసాలో పురుగుల్లేవంటే ఎందుకు లేవని వస్తారు, కట్ట చూస్తారు, మళ్లీ మిషన్లు దిగుతాయి.”

బాబాయ్ నా గ్లాసులో ఇంకాస్త టీ పోశాడు.

“ఆ అమ్మాయి పుస్తకానికి పురుగులు కావాలి బావా. మన పిల్లలకి కూడు కావాలి. అంతకన్నా నేనేం చెప్పను” అన్నాడు యోసేపు. ఆ మాట నేల వంక చూస్తూ అన్నాడు.

బాబాయ్ టీ గిన్నె కింద పెట్టి అన్నాడు: “చెరువు ఊరిది. ఊరు చెప్తే నూనె కొడతాను, కాదనను. సీసా నాది. దాంట్లో నేను పట్టిందే ఉంటుంది.”

“అంటే?”

“అంటే అంతే.”

యోసేపు లేచి వెళ్లిపోయాడు. నేను నెత్తి బాదుకున్నాను. “కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టుంది మీ పని. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని మీ గురించే పుట్టిందనుకుంటాను. రెండు పురుగులు అటూ ఇటూ వేస్తే ఏం పోయింది బాబాయ్?” అన్నాను. ఆయన నా గ్లాసు తీసుకెళ్లి కడిగి బోర్లించాడు.

శనివారం తెల్లారేసరికి వెళ్లాను. వద్దనుకుంటూనే వెళ్లాను. అప్పటికే సబ్బు ఉడుకుతోంది. గాలి లేదు, ఆకు కదలడం లేదు, ఆ పనికి సరైన పొద్దు. దోనె ఎక్కి ఒక్కడే చెరువు ఈ చివర్నుంచి ఆ చివరికి చల్లుకుంటూ వెళ్లాడు. చెయ్యి పాత చెయ్యే, ఒక్క గజం కూడా వదల్లేదు. గట్టున సొసైటీవాళ్లు నలుగురు నిలబడి చూసి, సరిపోయిందనుకుని ఇళ్లకి పోయారు.

అరగంటకి పైకి తేలడం మొదలైంది. నేను ఏడాదిన్నరగా సీసాల్లో చూస్తున్నవాణ్ణే, అయినా అంత ఉంటుందనుకోలేదండి. నీళ్ల మీద ఎక్కడ చూసినా కాళ్లు కొట్టుకుంటున్నవే. వలకి ఎప్పుడూ చిక్కనివి, అడుగున బురదలో ఉండేవి, తామర కాడల్లో దూరి ఉండేవి, అన్నీ పైకొచ్చేశాయి. తోమా బాబాయ్ నూనె బకెట్టు ఒడ్డున పెట్టి, చేతులు బూడిదతో తోముకుని, వల తీసుకుని మళ్లీ దోనె ఎక్కాడు.

“ఏం చేస్తున్నారు?” అన్నాను.

“లెక్క” అన్నాడు. “వలేస్తే పదింట్లో ఒకటి పడేది. ఇవాళ చెరువులో ఉన్నదంతా పైకొచ్చింది. ఏదీ వదలకూడదు.”

సాయంత్రం దాకా అదే పని. తెచ్చిన సీసాలు పదింటికే నిండిపోయాయి. నేను తిట్టుకుంటూ ఆకివీడు వెళ్లి పచ్చళ్ల జాడీలు, హార్లిక్స్ సీసాలు, మెడికల్ షాపులో స్పిరిట్ పట్టుకొచ్చాను. వచ్చాక నేను కూడా నీళ్లలో దిగాను. అసహ్యం ఎటు పోయిందో తెలీదు. చేత్తోనే ఎత్తాను. మధ్యాన్నం అన్నం తినడానికి కూర్చున్నప్పుడు ఆయన అరచేతిలో ఒక గోధుమరంగు పురుగుని పెట్టి చూపించాడు. వీపు నిండా గుడ్లు, వరసలు తీర్చినట్టు.

“మోసేది మగదంట సుభానీ. ఆడది దీని వీపున పెట్టేసి పోతుందంట. స్టెల్లమ్మ చెప్పింది. అవి పగిలేదాకా ఇది మోసుకుని తిరుగుద్ది.” పురుగుని మెల్లగా సీసాలోకి జార్చాడు. “రాజ్యం పోయినప్పుడు క్యాథరిన్‌కి ఐదేళ్లు. ఇంట్లో వదిలే దిక్కు లేక భుజం మీద కూచోబెట్టుకుని ఇదే కట్ట మీద నూనె కొట్టేవాణ్ణి. ఇలాంటివి ఎన్ని వేలు చంపానో. నా పిల్లకి కూడు పెట్టాలి కదా. తెలీదు నాకు.”

నేను అన్నం సగంలో వదిలేశాను. చెయ్యి కడిగేసుకున్నాను.

పొద్దు వాలేటప్పటికి ముప్ఫై ఒక్క సీసాలయ్యాయి. ప్రతి సీసాలో చీటీ. అన్నింటి మీదా ఒకటే రాశాడు: నత్తలంక, మూడో చోటు. 19 జూలై 2008. కట్ట వేశారు, సబ్బునూనె కొట్టి పట్టాను. తోమా.

“ఇవి పట్టుకెళ్లి మేడంకి ఇస్తే మీ ఊరు మీ పీక పిసుకుద్ది” అన్నాను.

“ఇవాళ తీసుకెళ్లకు. రేపు ఆరాధన అయ్యాక ఇద్దరం వెళ్దాం. ముందు ఊరికి చెప్పాలి. చాటున చెప్పానని అనిపించుకోను” అన్నాడు.

వాళ్ల చర్చిలో ఆదివారం పాటలయ్యాక సాక్ష్యం చెప్పడం అని ఉంటుంది. జబ్బు నయమైనవాళ్లు, పరీక్ష పాసైనవాళ్లు లేచి, దేవుడు నాకు ఈ మేలు చేశాడని నలుగురిలో చెప్తారు. తోమా బాబాయ్ పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా లేవలేదట. ఆ ఆదివారం నేను కిటికీ అవతల చెప్పులు పట్టుకుని నిలబడి చూస్తున్నాను. యోసేపు, “ఎవరికైనా సాక్ష్యం ఉందా” అని అడిగాడు. ఈయన లేచాడు. ముందున్న బల్ల పట్టుకున్నాడు.

“నాకు మేలు ఏమీ జరగలేదు, అయినా చెప్తాను” అన్నాడు. “నిన్న ఊరి చెరువుకి నూనె కొట్టింది నేను. అందులో ఉన్న ప్రాణులన్నీ చచ్చాయి. అవన్నీ ఏరి సీసాల్లో పెట్టాను. ఎలా చచ్చాయో చీటీ రాశాను. ఇవాళ పట్టుకెళ్లి స్టెల్లమ్మకి ఇస్తాను. ఆవిడ పుస్తకంలో రాస్తుంది. రేపెప్పుడన్నా మిషన్లు వస్తే అది నా వల్లే. మీకు ముందు చెప్పాలని చెప్తున్నాను. కట్ట ఉంచుకుంటారో తీసేస్తారో మీ ఇష్టం. ఊరి మాట కాదనలేదు నేను. అబద్ధం రాయమన్నారు, అదొక్కటీ నా వల్ల కాదు.”

కూర్చున్నాడు. యోసేపు ముగింపు ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయి, ఆమెన్ అనేశాడు. జనం బయటికొచ్చారు. గుమ్మం దగ్గర యోసేపు ఈయన ఎదురుగా నిలబడ్డాడు. కొడతాడేమోననుకుని నేను ముందుకెళ్లాను. కొట్టలేదు.

“అక్క మొగుడివని చెయ్యెత్తట్లేదు బావా” అన్నాడు. “సొసైటీ దోనె ఇక నీకు లేదు. ఈ లంకలో ఎవరి దోనే నీకు లేదు. ఇవాళ వెళ్లేటప్పుడు ఎక్కించుకుంటాం. వచ్చేటప్పుడు ఎవరూ రారు.”

అంతా విన్నారు, ఎవరూ అడ్డు చెప్పలేదు. బాబాయ్ ఇంటికెళ్లి రెండు చొక్కాలు, బైబిలు సంచిలో పెట్టుకున్నాడు. ముప్ఫై ఒక్క సీసాలూ నేనూ ఆయనా దోనెలో సర్దాం. దాటించిన కుర్రకారు మమ్మల్ని దింపి వెంటనే దోనె తిప్పుకుపోయారు.

ఏలూరులో స్టెల్లా మేడం దుప్పటి కప్పుకుని లేచి కూర్చున్నారు. కళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఒక చీటీ తీసి చదివారు, ఇంకోటి చదివారు. జరిగిందంతా నేనే చెప్పాను, కోపంగానే చెప్పాను. ఆవిడ మొహం చేతుల్లో పెట్టుకున్నారు.

“ఇది రాస్తే నా పనికి ఇంతకంటే సాక్ష్యం ఉండదు తోమా గారూ. అటవీ శాఖవాళ్లు చదివితే మాత్రం మీ ఊరి కట్ట నిలవదు. రాయొద్దంటే రాయను. మూడో చోటు లెక్కలోంచి తీసేస్తాను. నాకేం పర్వాలేదు” అన్నారు. పర్వాలేకపోవడమేమిటి, ఆవిడ మంచం మీంచి లేవలేని స్థితిలో కూడా ఆ లెక్కలే కలవరించేవారని వాళ్లమ్మగారు నాతో చెప్పారు.

“రాయండమ్మా” అన్నాడు ఆయన. “చంపడమూ చంపి, అసలు లేవని చెప్పడం కూడానా. అవి వచ్చాయి. రెండేళ్లలో వచ్చాయి. అది ఎవరికో ఒకరికి తెలియాలి.”

అక్కడ్నుంచి గూడెం వెళ్లిపోయాడు, కూతురి దగ్గరికి. ఆ డిసెంబరు దాకా పదిహేను రోజులకోసారి పాసింజరు రైల్లో ఏలూరు వచ్చి, మిగతా చోట్లకి మాతో వచ్చేవాడు. లంక కనబడే కట్ట మీద మాత్రం జీపు దిగేవాడు కాదు. సీట్లోనే కూర్చుని సీసాలు తుడిచేవాడు. అవతల చేపపిల్లలు బుధవారమే వేశారు, చెరువు కళకళలాడుతోందని విన్నాం.

ఆ సీసాలు లెక్కపెట్టడానికి మేడంకి నాలుగు నెలలు పట్టింది. మూడో చోట యాభై రెండు రకాలు తేలాయి. నడుస్తున్న చెరువు ఎంత మంచిదైనా తొమ్మిది దాటలేదు. నాకు చదువు లేకపోయినా యాభై రెండుకీ తొమ్మిదికీ తేడా తెలుసు. 2009లో మేడం పుస్తకం పూర్తయింది, డాక్టరు పట్టా వచ్చింది. పుస్తకం కాలేజీకి వెళ్లింది, యూనివర్సిటీకి వెళ్లింది, అటవీ శాఖ ఆఫీసులకి కూడా పంపించారు. నేనే జీపులో తీసుకెళ్లి ఇచ్చాను. తీసుకుని రసీదు మీద ముద్ర కొట్టారు. తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా ఆ పుస్తకాల పొట్లం బీరువా మీద విప్పకుండానే కనబడింది. ఎవరూ నత్తలంక రాలేదు. ఏ మిషనూ దిగలేదు.

ఆ నవంబరులో మేడం ఒక కాపీ నా చేతికిచ్చి తోమా గారికి ఇవ్వమన్నారు. ఆవిడకి అప్పటికి మద్రాసులో ఉద్యోగం, రైలుకి టైమైపోయింది. గూడెం ఉల్లిపాయల మార్కెట్లో దొరికాడు బాబాయ్. కుళ్లినవి ఒక పక్కకీ మంచివి ఒక పక్కకీ ఏరుతున్నాడు. చిక్కిపోయాడు. ఇద్దరం గోతాల మీద కూర్చున్నాం. పుస్తకమంతా ఇంగ్లీషు. ఒక పేజీలో మాత్రం ఆయన చీటీని ఫోటో తీసి ఉన్నదున్నట్టు వేశారు, ఆయన దస్తూరీతో. దాన్ని చూసుకుని, పేజీ మీద పడ్డ ఉల్లిపొట్టు తుడిచాడు.

“కట్ట ఉందా సుభానీ?” అన్నాడు.

“ఉంది బాబాయ్. రెండు పంటలు తీశారు.”

“ఎవరూ రాలేదా?”

“చదివితే కదా వచ్చేది.”

ఆయన రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకున్నాడు. “స్తోత్రం తండ్రీ” అన్నాడు. “డెబ్భై గడప. నా మూలంగా పస్తులు పడతారేమోనని ఏడాది పైనుంచీ కంటికి నిద్ర లేదు.”

నాకు ఎక్కడలేని కోపం వచ్చిందండి. ఎవరి మీదో కూడా తెలీదు. ఊరు పోయింది, ఇల్లు పోయింది, పుస్తకం బీరువా మీద పడుంది, ఆ యాభై రెండు రకాలూ మళ్లీ లేకుండా పోయాయి, ఈయన స్తోత్రం అంటున్నాడు. నాలుగు మాటలు అందామని నోరు తెరిచాను. అంతలో ఆయనే అడిగాడు.

“నువ్వు లంక వైపు వెళ్తూనే ఉంటావు కదా. వాళ్లెవరన్నా నా గురించి అడిగారా?”

అంతకు ముందు వారమే వెళ్లాను. యోసేపు కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. జీపు ఎలా ఉందన్నాడు, చాంద్ బీ ఎలా ఉందన్నాడు. ఈయన పేరు ఆయనా ఎత్తలేదు, ఇంకెవరూ ఎత్తలేదు. ఎలా చెప్పనండీ. అడిగారు బాబాయ్, క్రిస్మస్‌కి రమ్మన్నారు అనడానికి నాకు ఎంతసేపు పడుతుంది. రోజుకి పది అబద్ధాలాడే నోరు నాది. ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు. ఆ మనిషికి అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

“అడగలేదు బాబాయ్” అన్నాను.

ఆయన తలాడించాడు. పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టి, “నీ దగ్గరే ఉంచు, ఇక్కడ చెమ్మకి పాడైపోద్ది” అన్నాడు. తర్వాత గోతం దగ్గరికి లాక్కుని ఉల్లిపాయలు ఏరుకోవడం మొదలుపెట్టాడు.